సీసాలో ఊరి నీళ్లు

డిగ్రీ పిల్లలకు పరిశోధన ఎందుకనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాలుగేళ్ల డిగ్రీ మాట మొదలయ్యాక ఆ వాదన మరీ ముదిరింది. నాగార్జునసాగర్ డ్యామ్ ఉన్న నందికొండ చుట్టూ పరుచుకున్న నల్లగొండ, పాలమూరు మెట్ట ఊళ్లలో మాత్రం పరిశోధనకు విషయం వెతుక్కునే పని లేదు.

మర్రిగూడ మండలంలో ఒక ఊరు. ఎండ ఇంకా ముదరలేదు. బోరింగు దగ్గర ముగ్గురమ్మాయిలు, ఒక అబ్బాయి, వాళ్ల వెంట వచ్చిన కెమిస్ట్రీ సారు. అబ్బాయి బోరింగు కొడుతున్నాడు. నీళ్లు ధారగా పడుతున్నా ఎవరూ సీసా పెట్టడం లేదు. పక్క అరుగు మీద కూర్చున్న ముసలామె కాసేపు చూసింది, ఇక ఉండబట్టలేకపోయింది.

"గన్ని నీళ్లు గట్ల పారబోస్తరేంది బిడ్డా?"

"గొట్టంల నిల్వున్న నీళ్లు పోవాలె అవ్వా. కింది నీళ్లు రానియ్, అప్పుడు పడతం."

"పట్టుకపోయి ఏం జేస్తరు?"

"పరీక్ష జేస్తం. ఫ్లోరైడ్ ఎంతుందో సూస్తం."

ఆమె వంగిన నడుం మీద చెయ్యి ఆనించి నవ్వింది. "గది నన్ను జూస్తె తెల్వదా?"

అమ్మాయి కూడా నవ్వింది గానీ ఏమీ అనలేదు. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, మూత బిగించి, చీటీ మీద ఊరి పేరు, తేదీ, సమయం రాసింది.

ఇది ఏ ఒక్క ఊరి సన్నివేశమో, ఏ ఒక్క కాలేజీ ముచ్చటో అనుకోవద్దు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి బీఎస్సీకి వచ్చే పిల్లలు ప్రాజెక్టు అనగానే మొదట ఎత్తుకునేది నీళ్ల సీసానే. కొందరు నిజంగానే ఊరూరూ తిరుగుతారు. కొందరు పోయినేడు సీనియర్లు ఇచ్చిన రిపోర్టు తెచ్చి, ఊరి పేరు మార్చి బైండింగ్ చేయిస్తారు. ఇద్దరికీ మార్కులు పడతాయి.

ఇప్పుడెందుకీ చర్చ?

జాతీయ విద్యా విధానం 2020లో వచ్చింది. దాని వెనకే 2022 డిసెంబరులో యూజీసీ డిగ్రీ చదువులకు కొత్త చట్రం ప్రకటించింది. మూడేళ్లు చదివితే 120 క్రెడిట్లతో డిగ్రీ. నాలుగో ఏడాది కూడా చదివితే 160 క్రెడిట్లతో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏట ఒక అధ్యాపకుడి దగ్గర 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేస్తే పట్టా మీద 'ఆనర్స్ విత్ రీసెర్చ్' అని పడుతుంది.

ఆ 75 శాతం గీత దగ్గరే నాకు పేచీ. నీళ్ల కోసం చిన్నప్పటి నుంచి బిందె మోసిన పిల్లకు 58 శాతం రావచ్చు. ఏ బోరు నీళ్లకు పప్పు ఉడకదో, ఏ బావి నీళ్లు చప్పగా ఉంటాయో ఆమెకు తెలిసినంతగా ర్యాంకు స్టూడెంట్‌కు తెలియదు. ప్రశ్న అడగడానికి కటాఫ్ మార్కులేమిటి?

అదృష్టం కొద్దీ, ఇక్కడి పిల్లలు నాలుగో ఏడాది దాకా ఆగనక్కర్లేదు. తెలంగాణలో మూడేళ్ల డిగ్రీలోనే ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు వర్కుకు చోటుంది. దానికి తోడు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల విద్యార్థులకు కళాశాల విద్యాశాఖ 'జిజ్ఞాస' పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీ పెడుతోంది. కొద్దిమంది పిల్లలు ఒక జట్టు, వాళ్లకు ఒక లెక్చరర్ గైడు. కాలేజీలో నెగ్గితే పైకి, అక్కడా నెగ్గితే రాష్ట్రస్థాయికి. మైకు ముందు నోరు విప్పని పిల్లలు జడ్జీల ముందు తమ ఊరి చెరువు గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడటం ఈ పోటీల్లోనే చూస్తాం.

1955 డిసెంబరు

నందికొండ అనగానే డ్యామ్ గుర్తొస్తుంది. నాగార్జునసాగర్ అన్న పేరు స్థిరపడక ముందు అది నందికొండ ప్రాజెక్టే. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేశారు. సరిగ్గా అదే నెలలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం అచ్చయింది. రాసింది ఏ.హెచ్.సిద్దిఖీ, విషయం నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. వెన్నెముక కర్రలా బిగుసుకుపోయిన మనుషుల గురించి ప్రపంచానికి చెప్పిన తొలి పత్రాల్లో అదొకటి.

జిల్లాకు మేలు చేసే నీళ్ల కథా, కీడు చేసే నీళ్ల కథా ఒకే నెలలో కాగితం మీదికెక్కాయి. తర్వాత రెండూ చాలాకాలం కలవలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారింది. దేవరకొండ, మునుగోడు మెట్టలు ఎత్తున ఉన్నాయి కాబట్టి అవి అట్లాగే ఎండిపోయాయి. అక్కడి జనం బోర్లు వేశారు, ఎండితే ఇంకా లోతుకు వేశారు. కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతిలోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువ, పగుళ్లలో నీరు నిలిచి ఉండే కాలం ఎక్కువ. నీరు రాతిని ఎంతకాలం అంటిపెట్టుకుంటే ఫ్లోరైడ్ అంత దిగుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. ఈ మండలాల్లో దానికి ఎన్నో రెట్లు తాగిన ఊళ్లున్నాయి.

కోపం ఎంత పేరుకుపోయిందో 1996 లోక్‌సభ ఎన్నికల్లో బయటపడింది. మంచి నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి నామినేషన్లు వరదలా పడ్డాయి. బరిలో నిలిచినవాళ్లు 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది.

> పేరు నల్లగొండది
>
> ప్రపంచ నీటి శాస్త్ర పుస్తకాల్లో ఈ జిల్లా పేరు ఒక పద్ధతికి స్థిరపడింది: 'నల్లగొండ టెక్నిక్'. నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు దీన్ని రూపొందించారు.
>
> నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలుపుతారు. మొదట వేగంగా, తర్వాత మెల్లగా తిప్పుతారు. తెల్లటి మడ్డి కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరుతుంది. పైనీళ్లు వడకట్టి తాగాలి. ఇంట్లో అయితే అడుగుకు కాస్త పైన కుళాయి ఉన్న బకెట్ చాలు.
>
> ఇదే సమస్య ఉన్న ఆఫ్రికా దేశాల్లోనూ దీన్ని వాడి చూశారు. చిక్కు ఎక్కడంటే, పటిక మోతాదు ప్రతి ఊరి నీటికీ మారుతుంది. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి.

జొన్నరొట్టె మీద అనుమానం

పిల్లలకు పరిశోధన అంటే ఏమిటో చెప్పాలంటే నేనైతే పాఠ్యపుస్తకం తియ్యను, ఈ కథ చెబుతాను.

1970ల మొదట్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ఊళ్లలో ఒక వింత గమనించారు. పెద్దవాళ్ల నడుములు వంగడం పాత సంగతే. ఇప్పుడు కుర్రాళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా లోపలికి వంగిపోతున్నాయి, పాదాలు దూరం జరుగుతున్నాయి. నీళ్లు ఎప్పటివే. మరి ఈ కొత్త జబ్బు ఎందుకు? కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్' పత్రికలో దీని గురించి రాశారు. తర్వాత వాళ్ల చూపు నీటి నుంచి తిండి మీదికి మళ్లింది. జబ్బు ఎక్కువగా జొన్న తినే ఇళ్లలో కనబడుతోంది. జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉంది. ఆ లోహం ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తుంది, రాగి లేకపోతే ఎముక గట్టిపడదు. మరి జొన్నలోకి మాలిబ్డినం కొత్తగా ఎట్లా వచ్చింది? డ్యామ్, కాలువల ఊటతో భూగర్భజలం పైకి లేచి నేల క్షారగుణం మారిందని, అందుకే మొక్కలు ఆ లోహాన్ని ఎక్కువగా పీల్చుకున్నాయని వాళ్ల అంచనా.

డ్యామ్‌కూ కుర్రాడి మోకాలికీ సంబంధం! ఈ వాదన మీద అప్పట్లో దేశం బయట కూడా చర్చ నడిచింది. అందులో తేలినదెంత, తేలనిదెంత అన్నది పక్కన పెట్టండి. ఆ ఆలోచన నడిచిన తీరు చూడండి. నడుం వంగడం, మోకాలు వంగడం ఒకటి కాదని ఎవరో గమనించారు. అది గమనించడానికి ఖరీదైన యంత్రమేమీ అవసరం పడలేదు. ఊళ్లోకి వెళ్లి, పెద్దల్నీ పిల్లల్నీ పక్కపక్కన నిలబెట్టి చూశారు. ఆ పని బీఎస్సీ రెండో సంవత్సరం పిల్లాడు కూడా చేయగలడు, చూడమని చెప్పే మనిషి పక్కనుంటే.

బోరు నుంచి బీకరు దాకా

మర్రిగూడలో పట్టిన సీసా ల్యాబుకు చేరాక అసలు పని మొదలు. అది ప్లాస్టిక్ సీసానే అయి ఉండాలి, ఫ్లోరైడ్‌కు గాజుతో పొసగదు. డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా నడిచేది రంగు పద్ధతి. జిర్కోనియం కలిపిన ఒక ఎర్రటి రంగు ద్రావణం ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలుస్తుంది. ఎంత వెలిసిందో స్పెక్ట్రోఫోటోమీటరు చెబుతుంది. ముందుగా ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన నీళ్లతో ఒక గ్రాఫు గీసుకొని, తెలియని నీళ్లను దాని పక్కన పెట్టి చదువుతారు.

రాస్తే నాలుగు వాక్యాలు. చేస్తే నాలుగు వారాలు. ఒకే సీసా నీళ్లకు పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె వస్తుంది. పిల్లలు బిక్కచచ్చిపోతారు. పరీక్షల్లో అలవాటైన ప్రాక్టికల్‌కు జవాబు ముందే తెలుసు, రీడింగ్ తేడా వస్తే చెరిపేసి సరిచేయడం ఇంటర్ నుంచీ నేర్చుకున్న విద్య. ఇక్కడ సరిచేయడానికి అసలు జవాబు ఎవరి దగ్గరా లేదు. గైడు దగ్గరా లేదు. ఆ సంగతి అర్థమైన రోజు పిల్లల మొహాలు చూడాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. పటికతో శుద్ధి చేసిన నీటిని ఈ రంగు పద్ధతిలో పరీక్షిస్తే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది, పటికలోని అల్యూమినియం అడ్డుపడుతుంది. అంటే నల్లగొండ టెక్నిక్ వాడిన ఇంటి నీళ్లు ఉన్నదానికన్నా శుభ్రంగా కనబడతాయి. ఇది తెలియని గైడు దొరికితే ప్రాజెక్టు మొత్తం అబద్ధమే. తెలిసిన గైడు దొరికితే ముందుగా ఆ నీటిని డిస్టిలేషన్ చేయిస్తాడు, లేదా విశ్వవిద్యాలయంలో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబుకు తీసుకుపోతాడు.

సారుకు తీరికేదీ?

ఒకప్పుడు ఈ జిల్లాల్లో విశ్వవిద్యాలయం అంటే హైదరాబాద్‌లోని ఉస్మానియానే. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీ 1956 నుంచి ఉన్నా, పరిశోధన కావాలంటే బస్సెక్కి పట్నం పోవాలి. 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. దూరం తగ్గింది. మనుషులు మాత్రం సరిపడా రాలేదు. ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేక, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలా పాఠాలు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీదే నడుస్తున్నాయి. వచ్చే ఏడాది తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని ప్రాజెక్టుకు గైడుగా ఉండమంటే ఏమంటాడు?

ఉన్నవాళ్లకు తీరిక లేదు. వారానికి ఇన్ని క్లాసులు, పేపర్లు దిద్దడం, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్లు, అడ్మిషన్ల పని, ఎన్నికలొస్తే ఎన్నికల డ్యూటీ. డిగ్రీ పిల్లలతో ఊళ్లకు తిరిగినందుకు జీతం పెరగదు, ప్రమోషన్ లెక్కల్లో దానికి దక్కే విలువ కూడా అంతంతే. అయినా కొందరు ఆదివారాలు ఇస్తారు. రసాయనాల సీసా ఖర్చు జేబులోంచి పెట్టుకుంటారు. ఈ చదువు వాళ్ల మొహమాటం మీద నడుస్తోందంటే అతిశయోక్తి కాదు.

అమ్మాయిల కష్టం ఇంకొకటి. శాంపిళ్ల కోసం పక్క మండలానికి పోయి చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. ఆఖరి బస్సు తప్పితే ఇంట్లో జవాబు చెప్పాలి. అందుకే చాలామంది గైడ్లు మొదటి శాంపిల్ అమ్మాయి సొంత ఊళ్లోనే తీయిస్తారు. సారు ఇంటికొచ్చి అమ్మానాన్నలతో మాట్లాడి, చాయ్ తాగి, బోరు చూసి పోతే రెండో ఊరికి అనుమతి తేలిగ్గా దొరుకుతుంది. ఏ రిసెర్చ్ మెథడాలజీ పుస్తకంలోనూ ఈ అధ్యాయం ఉండదు.

గైడు దొరకని చోట బజారు అందుకుంటుంది. అమీర్‌పేటలో ఇంజినీరింగ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆ గాలి డిగ్రీ కాలేజీల ముందున్న జిరాక్స్ షాపుల దాకా వచ్చింది. పిల్లల్ని తిట్టి లాభం లేదు. యాభై మందికి ఒక్క గైడును చూపించి, నెలలో రిపోర్టు కావాలంటే ఎవరైనా చేసేది అదే.

> ఇరవై ఏళ్లు నిండకముందే
>
> సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంకా డిగ్రీ చదువుతుండగానే, 1928లో తొలి పరిశోధన పత్రం ప్రచురించారు. 1983లో నోబెల్ అందుకున్నారు.
>
> తెలుగువాడైన సూరి భగవంతం హైదరాబాద్ నిజాం కాలేజీలో బీఎస్సీ పూర్తిచేసి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. 1950ల్లో ఉస్మానియాకే వైస్ ఛాన్సలర్ అయ్యారు.
>
> డిగ్రీ విద్యార్థుల్ని ప్రొఫెసర్ల ల్యాబుల్లోకి పిలిచే పద్ధతిని అమెరికాలో ఎంఐటీ 1969లో కార్యక్రమంగా మొదలుపెట్టింది. దాన్ని నడిపించింది మార్గరెట్ మెక్‌వికర్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకురాలు.
>
> మన దేశంలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి.

జడ్చర్ల తోట, ముడుమాల్ నీడ

నీళ్ల దగ్గరే ఆగిపోతే పాలమూరుకు అన్యాయం చేసినట్టు. జడ్చర్ల బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు సదాశివయ్య విద్యార్థులతో కలిసి ఆవరణలో ఏకంగా బొటానికల్ గార్డెన్ పెంచారు. తెలంగాణ బొటానికల్ గార్డెన్‌గా దానికి పేరొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన వందల జాతులు అక్కడ ఉన్నాయి. మొక్కను పట్టుకొచ్చి, పేరు తేల్చి, నాటి, బతికించి, చీటీ కట్టేదాకా అన్నీ పిల్లల చేతుల మీదుగానే సాగితే అంతకు మించిన ప్రాక్టికల్ క్లాసు ఉండదు. గ్రాంటు కోసం ఎదురుచూసి ఉంటే అక్కడ ఇప్పటికీ తుమ్మచెట్లే ఉండేవి.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి కూడా ఒక తెరిచిన ల్యాబే. ఏడు వందల ఏళ్ల వయసని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. మరుసటి ఏడాది సెలైన్ బాటిళ్లు వేలాడదీసి, బొట్టుబొట్టుగా చెదల మందు ఎక్కించారు. ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ మందు నేలలోకి ఎంత దిగింది, వానపాములు ఏమయ్యాయి, ఊడలు ఏడాదికి ఎంత పెరుగుతున్నాయి? జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ మూడూ ఒకే చెట్టు కింద పనిచేయొచ్చు.

ఫిజిక్స్ వాళ్లకు కృష్ణ ఒడ్డున ముడుమాల్ ఉంది. పాత పాలమూరు జిల్లాలో, ఇప్పటి నారాయణపేటలో. మూడు వేల ఏళ్ల పైబడినవని అంచనా వేస్తున్న నిలువురాళ్లు అక్కడ వరసల్లో నిలబడి ఉన్నాయి. అవి సూర్యుడి గమనానికి అనుగుణంగా పాతినవని, ఒక బండ మీది గుంతలు సప్తర్షి మండలమని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి.రావు చూపించారు. 2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. మార్చిలో, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో అక్కడ నీడ కొలవడానికి కావలసింది టేపు, గడియారం, ఓపిక.

నందికొండకు దగ్గర్లోనే ఇంకో సున్నితమైన విషయం ఉంది. సాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం నిక్షేపాలున్నాయి. తవ్వకాల మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం గట్టిగా ఎదిరించారు. తవ్వినా తవ్వకపోయినా, ఆ గుట్టల కింది ఊళ్ల బావుల్లో సహజంగానే ఎంత రేడియేషన్ ఉందో ముందే కొలిచి పెట్టుకోవడం అవసరం. రేపు ఎవరైనా 'మా వల్ల పెరగలేదు' అంటే చూపించడానికి నిన్నటి అంకె చేతిలో ఉండాలి. అట్లాంటి ఓపిక పని ఏటేటా కొత్త బ్యాచ్ వచ్చే డిగ్రీ కాలేజీకే చెల్లుతుంది.

ఫలితం ఎవరి చేతికి?

మంచి ప్రాజెక్టులకు బహుమతులొస్తాయి. షీల్డు ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాకు, రిపోర్టు డిపార్ట్‌మెంటులో ఇనప బీరువాకు చేరతాయి. బోరింగు దగ్గరి అవ్వకు మాత్రం తన నీళ్ల అంకె ఎవరూ చెప్పరు.

చెప్పకపోవడానికి కారణం బద్ధకమొక్కటే అనుకుంటే పొరపాటు. ఫ్లోరైడ్ ఊరని పేరుపడితే పిల్లను ఇవ్వరు, పిల్లను చేసుకోరు. ఈ ప్రాంతంలో అది అనుభవం. సొంత ఊరి నీళ్లు పరీక్షించిన అమ్మాయి రిపోర్టులో ఆ ఊరి పేరు రాయాలా వద్దా? రాస్తే సర్పంచికి కోపం రావచ్చు, రాయకపోతే అది ఎవరికీ పనికిరాని కాగితం. కొందరు గైడ్లు ఊరికి బదులు నంబరు వేయిస్తారు. పోటీకి అది సరే. కానీ బోరు ఎవరిదో వాళ్లకు అసలు అంకె చేరాలి, పంచాయతీకీ చేరాలి. ఆ తర్వాతే పవర్‌పాయింట్. ఈ వరస మార్కుల పట్టికలో ఎక్కడా లేదు. ఉండాలి.

పరిస్థితి మారిందనే మాట కూడా నిజమే. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఆ తర్వాత నల్లాల్లో నది నీళ్లు రావడం మొదలైంది. కొత్త ఫ్లోరోసిస్ కేసులు లేవని సర్కారు ప్రకటించింది. అయితే నల్లా రాని రోజున జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. పశువులు తాగేది ఆ నీళ్లే, కూరగాయల మడికి పారేదీ అవే. వంటకు ఏ నీళ్లు వాడుతున్నారని ఇల్లిల్లూ అడిగి రాసుకున్నవాళ్లు ఎందరు?

ఇళ్లలో తాగే నీళ్లు నిజంగా మారాయా అన్నది తేల్చే ప్రాజెక్టు ఒకటి ఇప్పుడే చేయాలి, ఆలస్యమైతే అవకాశం పోతుంది. ఫ్లోరైడ్ ముందుగా పంటి మీద కనబడుతుంది. తెల్ల మచ్చలు, పసుపు గార, ముదిరితే గోధుమరంగు గుంటలు. చిగురు లోపల పన్ను తయారయ్యే పసితనంలో తాగిన నీళ్లే ఆ మచ్చను నిర్ణయిస్తాయి, తర్వాత మంచి నీళ్లు తాగినా పోదు. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఇప్పుడు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నాయి. అదే ఇంట్లో అంతకుముందు పుట్టిన అన్నో అక్కో హైస్కూల్లో ఉన్నారు. ఇద్దరి ముందుపళ్లూ పక్కపక్కన చూస్తే నీళ్లు మారాయా లేదా అన్నది తేలిపోతుంది. మచ్చ తీవ్రతకు మార్కులు వేసే కొలమానాన్ని అమెరికా దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ 1930ల్లోనే తయారుచేసి పెట్టారు. ఒక డెంటల్ డాక్టరు రెండు పూటలు నేర్పితే బీఎస్సీ పిల్లలు దాన్ని వాడగలరు. ఇక కావలసినవి హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, మంచి వెలుతురు. స్పెక్ట్రోఫోటోమీటరు కూడా అక్కర్లేదు.